ఇంటిలో కనిపించని లీకులు – కనుగొనుట, బాగుచేయుట

(ఖమ్మం – భద్రాచలం అటవీ సరిహద్దు గ్రామాల పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల అధ్యక్షులు, కార్యదర్శులు, సభ్యుల శిక్షణ తరగతిలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠము)



మా వంతు వచ్చేసరికి తీర్మానాల పుస్తకము, రోజువారీ పద్దు, ఆడిట్ అభ్యంతరాల గురించి చెబుతామని మీరు అనుకొని ఉంటారు. వెనుక వరుసలో ఒకరిద్దరు కునుకుకు సిద్ధమైనట్లు కూడా మాకు కనిపిస్తున్నది. ఈ రోజు అవి చెప్పము. ఇంటిలో నీటి గొట్టాలు కనిపించకుండా ఎక్కడ కారుతవి, వాటిని ఎట్లా పట్టుకోవాలి, ఎట్లా బాగుచేసుకోవాలి అనే సంగతి చెబుతాము.

సహకార డిప్లొమా చదివినవారికి గొట్టాలతో ఏమి పని అని మీరు అడగవచ్చు. కారణమున్నది. ఒక ఇంటి గొట్టములోని చిన్న రంధ్రము మా చేత తనిఖీ పుస్తకములో తప్పు రాయించినది. ఆ తప్పు వలన ఒక సభ్యుని ఇల్లు పదకొండు రోజులు నష్టపోయినది. ముందు ఆ సంగతి చెప్పి, తరువాత పనిలోకి వస్తాము.

ఒక సంఘములో జరిగిన సంగతి

అది 2019 వేసవి. ఖమ్మం వైపు పొలాలు అయిపోయి టేకు, ఇప్ప, తునికి చెట్లు మొదలయ్యే అంచున ఒక ఊరు. పేరు చెప్పము. అక్కడి సంఘానికి సొంత భవనము లేదు. ఒక సభ్యుని ఇంటి ముందు గది, పెరడు అద్దెకు తీసుకొని పాలు సేకరించేవారు. అంటే సంఘము క్యాన్లు కడిగే నీరు ఆ ఇంటి గొట్టములో వచ్చే నీరే.

ఏప్రిల్ నెలలో సాయంత్రపు పాలు శీతల కేంద్రములో కాచి చూసే పరీక్షకు నిలవకుండా విరుగుట మొదలైనది. ఉదయపు పాలు బాగుండేవి. సాయంత్రము మాత్రము ఒకరోజు ఒక క్యాను, మరొకరోజు రెండు క్యాన్లు తిరిగి వచ్చేవి. తిరిగి వచ్చిన క్యాను అంటే సభ్యులందరి జేబుకు చిల్లు. మాటలు పెరిగినవి. చివరకు అందరి వేలూ ఒకే ఇంటివైపు చూపినది. అయిదు కిలోమీటర్ల దూరములోని గూడెము నుంచి సైకిలు మీద పాలు తెచ్చే భార్యాభర్తలు వారు. రెండు గేదెలు, పూటకు నాలుగు లీటర్ల పాలు. ఎండలో దూరము నుంచి వస్తవి కనుక ఆ పాలే చెడి, మిగతా పాలను చెడగొడుతున్నవి అన్నారు.

మేము తనిఖీకి పోయినాము. పుస్తకాలు చూసినాము. ఆ ఇంటి పాలకు లాక్టోమీటరు పెట్టించినాము. వెన్న శాతము చూపించినాము. నీళ్లు కలిపిన జాడ లేదు. అయినా బయలుదేరే తొందరలో, దూరపు పాలు వేడికి చెడుతున్నట్లు తోచుచున్నది, సాయంత్రము తీసుకొనుట ఆపి చూడవలెను అని రాసి సంతకము పెట్టినాము. ఇన్‌స్పెక్టరు రాసిన మాట కదా, కమిటీ ఆ రోజు నుంచే ఆపివేసినది.

పన్నెండవ రోజున మళ్లీ పోయినాము. ఆ ఇల్లాలు సంఘము గుమ్మము దగ్గర నిలబడి ఉన్నది. గొంతు పెంచలేదు. ఒక్కటే అడిగినది.

"పదకొండు రోజులనుంచి మా పాలు పోయనియ్యట్లేదు సారూ. మరి పాలు విరగటం ఆగిందా?"

మేము అధ్యక్షునివైపు చూసినాము. ఆయన కార్యదర్శివైపు చూసినాడు. ఆగలేదు. అంతకుముందు రోజు కూడా ఒక క్యాను తిరిగి వచ్చినది. పదకొండు రోజులు ఆ ఇంటి పాలు లేకుండా కూడా పాలు విరిగినవంటే, కారణము ఆ ఇంటిలో లేదని చెప్పడానికి చదువు అక్కరలేదు. ఆ లెక్క మేము చూడవలసినది. ఆమె చూసినది.

అప్పుడు మొదటినుంచి ఆలోచించినాము. ఉదయానికీ సాయంత్రానికీ తేడా ఏమిటి? ఉదయము క్యాన్లు రాత్రి తొట్టిలో పట్టి ఉంచిన నీటితో కడుగుతారు. సాయంత్రము నాలుగు గంటలకు ఊరి నల్లా వస్తుంది. రాగానే పిల్లవాడు మొదటి నీటితోనే క్యాన్లు కడిగి బోర్లిస్తాడు. మరుసటి సాయంత్రము నల్లా వచ్చే వేళకు ఒక తెల్లని పింగాణీ పళ్లెము తెప్పించి మొదటి నీరు అందులో పట్టించినాము. లేత పసుపు రంగు, పశువుల కొట్టము వాసన. నాలుగు బిందెలు పోయిన తరువాత నీరు తేటగా వచ్చినది. ఆ తేట నీటినే అందరూ చూస్తున్నారు. మొదటి నీరు ఎవరూ చూడలేదు.

వీధిలోని గొట్టము నుంచి పెరటి నల్లాకు వచ్చే ఇనుప గొట్టము గేదెలు కట్టేసే చోటు కింద నుంచి పోతున్నది. గడ్డపారతో తవ్వితే మూరెడు లోతున ఒక ఎల్బో కనిపించినది. దాని అడుగున తుప్పు తిని కందిగింజంత రంధ్రము. నల్లా వచ్చినప్పుడు దానిలోనుంచి మంచినీరు బయటికి పోతున్నది. నల్లా ఆగినప్పుడు అదే రంధ్రములోనుంచి పేడ, మూత్రము నానిన మురుగు లోపలికి దిగుతున్నది. ఆ చోటు ఏడాది పొడుగునా తడిగానే ఉంటుంది. ఎప్పుడూ తడిగా ఉండే చోట తడి ఉన్నదని ఎవరికి అనుమానము వస్తుంది?

గొట్టము మార్చినారు. ఆ వారములోనే సాయంత్రపు పాలు నిలిచినవి. ఆ ఊరి సంగతి చివర మళ్లీ చెబుతాము.

లీకు వలన వచ్చే మూడు నష్టములు

మొదటిది నీరు. ఒక లీటరు చెంబు అయిదు నిమిషాలలో నిండేంత సన్నని ధార అనుకోండి. దారమంత ధార. గంటకు 12 లీటర్లు, రోజుకు 288 లీటర్లు. 2016 ఆగస్టులో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకములో గ్రామాలలో మనిషికి రోజుకు 100 లీటర్లు అని లెక్క కట్టినారు. అంటే ఆ దారము ఇద్దరి వాటా మొత్తము మింగి, మూడవ మనిషి వాటాలో చాలాభాగము మింగినట్లు. మన భాషలో చెప్పాలంటే, పాలిచ్చే గేదెకు వేసవిలో తాగడానికే 60, 70 లీటర్లు కావాలి. నాలుగు గేదెల నీరు నేలపాలు. బోరు ఉన్నవారికి మోటారు అదనముగా తిరిగిన కరెంటు కూడా లెక్క వేసుకోవాలి.

రెండవది ఇల్లు. గోడలోకి, పునాది కిందికి దిగిన నీరు సున్నము రాలగొడుతుంది, మట్టిని కరిగిస్తుంది, చెదలను పిలుస్తుంది. తడిగోడలో కరెంటు తీగ ఉంటే ప్రాణానికే ముప్పు. గోడ తాకితే చెయ్యి జివ్వుమన్నట్లయితే లీకు వెతకవద్దు. ముందు మెయిన్ ఆపి కరెంటు పని తెలిసినవారిని పిలవండి.

మూడవది ఆరోగ్యము, దానితోపాటు పాలు. రోజంతా నీరు వచ్చే గొట్టములో ఒత్తిడి లోపలినుంచి బయటికే ఉంటుంది. మన ఊళ్లలో నీరు పూటకు ఒక గంటో రెండు గంటలో వస్తుంది. మిగతా వేళ గొట్టము ఖాళీ. ఖాళీ అయ్యే గొట్టము నోటితో పీల్చినట్లు చుట్టూ ఉన్నది లోపలికి లాగుతుంది. కాబట్టి నీరు కారే రంధ్రమంటే మురుగు దూరే రంధ్రము కూడా.

ఇది పల్లెల సంగతే కాదు. 2009 మే నెలలో హైదరాబాదులోని భోలక్‌పూర్‌లో మురుగు కలిసిన మంచినీరు తాగి వందలమంది ఆసుపత్రి పాలైనారు, ప్రాణాలు కూడా పోయినవి. 1933లో అమెరికాలోని షికాగో నగరములో ప్రపంచ ప్రదర్శనకు వచ్చినవారు బస చేసిన రెండు పెద్ద హోటళ్లలో మురుగు గొట్టాల నీరు మంచినీటిలో కలిసి, 1,400 మందికి పైగా అమీబిక్ విరేచనాల పాలైనారు, 98 మంది చనిపోయినారు. అంత పెద్ద భవనాలలో, అంతమంది ఇంజనీర్ల కన్ను గప్పినది మన పెరటిలో కన్ను గప్పదా?

నీటికి కూడా పద్దు రాయండి

లీకు పట్టుకొనుట మాకు ఆడిట్ వంటిదే అనిపిస్తుంది. వచ్చినదెంత, ఖర్చయినదెంత, నిలువ ఎంత. తేడా వస్తే ఎక్కడో పోతున్నది. దానికి పరీక్షలు చెబుతాము. ఏ ఒక్కదానికీ పెద్ద ఖర్చు లేదు.

ఒకటి, ట్యాంకు పరీక్ష. రాత్రి అందరూ పడుకొనే ముందు నల్లాలన్నీ కట్టివేసి, ట్యాంకులోకి నీరు రాకుండా ఆపి, లోపలి గోడ మీద నీటిమట్టము దగ్గర సుద్దముక్కతో గీత పెట్టండి. తెల్లవారి ఎవరూ చెంబు ముంచకముందే చూడండి. మీటరు వెడల్పు గుండ్రని ట్యాంకులో ఒక సెంటీమీటరు దిగితే సుమారు 8 లీటర్లు. ఏడు గంటలలో రెండు సెంటీమీటర్లు దిగితే రోజుకు 54 లీటర్ల దాకా పోతున్నదని లెక్క. మూత ఉన్న ట్యాంకులో రాత్రిపూట ఆవిరై పోయేది లెక్కలోకి రాదు.

రెండు, సగము సగము చేయుట. మట్టము దిగినదంటే లీకు ట్యాంకులోనా, గొట్టములోనా? మరుసటి రాత్రి ట్యాంకు కిందనే ఉన్న వాల్వు కట్టివేసి మళ్లీ గీత పెట్టండి. ఇప్పుడు కూడా దిగితే ట్యాంకో, దాని అడుగు అతుకో, ఆ వాల్వో కారుతున్నది. దిగకపోతే గొట్టములో ఉన్నది. అప్పుడు వంటింటి వైపు, స్నానాల గది వైపు వాల్వులు ఉంటే ఒక్కొక్క వైపు కట్టి చూడండి. ఇల్లంతా పగలగొట్టకుండా నాలుగు రాత్రులలో లీకును ఒక గోడ దాకా తరమవచ్చు. వాల్వులు లేని ఇంటికి ముందుగా రెండు వాల్వులు వేయించుకొనుట మేలు.

మూడు, లెవెల్ ట్యూబు పరీక్ష. వీధి నుంచి నేరుగా వచ్చే గొట్టానికి ట్యాంకు పరీక్ష పనికిరాదు. తాపీమేస్త్రీలు లెవెల్ చూసే తెల్లని ట్యూబు మీకు తెలుసు. నల్లా వస్తుండగా దానిని పెరటి నల్లా మూతికి బిగించి, రెండవ కొన మనిషి ఎత్తున పైకి పట్టుకొని నీరు నిండనివ్వండి. నల్లా తెరిచే ఉంచి, వీధి వైపు వాల్వు కట్టివేయండి. మిగతా నల్లాలు కూడా కట్టి ఉండాలి. ట్యూబులో నీరు నిలిచి ఉంటే గొట్టము మంచిది. మీ కళ్లముందే దిగిపోతే వాల్వుకూ నల్లాకూ నడుమ లీకు ఉన్నది. ఎంత తొందరగా దిగితే అంత పెద్ద రంధ్రము. వాల్వు సరిగా పట్టుకొన్నదా అనేది మాత్రము ముందు చూసుకోండి.

నాలుగు, మొదటి నీటి పరీక్ష. నల్లా వచ్చిన వెంటనే మొదటి చెంబు తెల్లని పళ్లెములో పట్టి రంగు చూడండి, వాసన చూడండి. పక్క ఇంటి నల్లాలో బ్లీచింగు వాసన ఉండి మీ నల్లాలో లేకపోయినా అనుమానించండి. నీటిలోని క్లోరిను మురుగును చంపడములోనే ఖర్చయిపోతుంది. తేటగా కనిపించినంత మాత్రాన నీరు మంచిది కాదు. హైడ్రోజన్ సల్ఫైడ్ పరీక్ష సీసాలు దొరుకుతవి. నీరు పోసి ఒకటి రెండు రోజులు వెచ్చని చోట ఉంచితే, కలుషితమైన నీరు నల్లబడుతుంది. మన దేశపు శాస్త్రవేత్తలే 1982లో ప్రకటించిన తేలిక పద్ధతి అది.

అయిదు, ఫ్లష్ డబ్బా. మరుగుదొడ్డి ఫ్లష్ డబ్బాలో చారెడు బట్టల నీలం కలిపి, అరగంట ఎవరూ వాడకుండా ఉంచండి. కింది పింగాణీలో నీలిరంగు చార కనిపిస్తే లోపలి వాషరు పట్టడము లేదు. చప్పుడు లేకుండా రోజంతా నీళ్లు తాగే దొంగ ఇది.

కంటికి, చెవికి అందే గుర్తులు

లెక్క చెప్పిన తరువాత చోటు వెతకాలి. ఎండకాలములో 45 డిగ్రీలు దాటినా పెరటిలో ఒక్కచోట గరిక పచ్చగా ఉన్నదా? గోడ కింద తెల్లని చవుడు పొంగుతున్నదా? ఒక రాయి మాత్రము కుంగినదా? కప్పలు ఒకే మూలకు చేరుతున్నవా? ఇవన్నీ సాక్షులే. ఒక్క సాక్షిని నమ్మి తీర్పు చెప్పవద్దు. నీరు పుట్టినచోట కనిపించదు, పల్లము వెతుక్కొని పోయి కనిపిస్తుంది. తడి కనిపించిన చోటుకు ఎగువన వెతకండి.

చల్లని గొట్టము మీద, శీతల యంత్రము వెనుక గోడ మీద గాలిలోని తేమ చెమటపట్టినట్లు కూడుతుంది. అది లీకు కాదు. తేడా తెలియాలంటే గోడను తుడిచి, జానెడు ప్లాస్టిక్ కాగితము నాలుగు అంచులా గాలి చొరకుండా అంటించి ఒక రోజు ఉంచండి. కాగితము పైన తడి ఉంటే అది గాలిది. కాగితము లోపల గోడవైపు తడి ఉంటే అది గోడలోనుంచి వచ్చినది.

చెవితో కూడా పట్టవచ్చు. పట్టణాలలో నీటి శాఖవారు ఇనుప కడ్డీ ఒక కొన గొట్టము మీద ఆనించి రెండవ కొన చెవికి పెట్టి రాత్రిపూట వింటారు. ఊరు సద్దుమణిగిన తరువాత, నల్లా వస్తున్న వేళ మీరూ అట్లాగే వినండి. చేవ ఉన్న మద్దికర్ర అయినా సరే. నల్లాలన్నీ కట్టి ఉన్నా లోపల సన్నగా బుస వినిపిస్తే, రెండు మూడు చోట్ల విని, ఎక్కడ ఎక్కువగా ఉంటే అక్కడ తవ్వండి.

బాగుచేయుట

గడ్డపారతో వేటు వేయకండి. జానెడు పైనే ఆగి, పారతో, చేతితో మట్టి తీయండి. ఒక రంధ్రము కోసము పోయి మూడు చేసినవారిని చూసినాము. తవ్వకముందే వీధి వాల్వు కట్టండి, ఆ వైపు కరెంటు ఆపండి.

సైకిలు ట్యూబు ముక్క చుట్టి తీగతో బిగించుట, లప్పము అంటించుట ఆ పూట గడవడానికే. పేడనీరు నానే చోట ఆ కట్టు మీద ఒక్కరోజు కూడా నమ్మకము పెట్టుకోవద్దు. ఇనుప గొట్టానికి పైన జింకు పూత ఉంటుంది. పశువుల మూత్రములోని లవణాలు, అమ్మోనియా ఆ పూతను తింటవి. ఒక చోట తిన్నదంటే పక్కన కూడా తింటున్నట్లే. కాబట్టి అతుకు వేయక ఆ ముక్క మొత్తము మార్చండి. మర దగ్గర టెఫ్లాన్ టేపు బిగించే దిక్కుకే చుట్టాలి. ఎదురు దిక్కుకు చుడితే బిగించేటప్పుడు ఊడి వస్తుంది.

ప్లాస్టిక్ గొట్టమైతే తిన్నగా కోసి, అంచు గరుకు తీసి, తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. తడి గొట్టానికి సొల్యూషన్ పట్టదు. మన లీకులలో చాలాభాగము ఈ తొందర వలననే. లోపలా బయటా పలచగా రాసి, పావు తిప్పు తిప్పుతూ చివరిదాకా నెట్టి, అర నిమిషము గట్టిగా పట్టుకోవాలి. డబ్బా మీద రాసినంత సేపు ఆగి, వీలైతే ఒక రోజు ఆగి, నీరు వదలండి. నీరు వదిలి, లెవెల్ ట్యూబు పరీక్ష మళ్లీ చేసి, అప్పుడు మట్టి కప్పండి. రసీదు చూడకుండా ఓచరు పాస్ చేయరు కదా, ఇదీ అంతే.

గొట్టము మళ్లీ వేసేటప్పుడు పాత దారినే వేయకండి. కొట్టము కింద నుంచి, మురుగు కాలువ పక్క నుంచి తప్పించండి. నాలుగు మీటర్ల గొట్టము ఎక్కువ పడితే పడనివ్వండి. తప్పనిసరి అయితే ఇంకొక పెద్ద గొట్టములో దూర్చి, అతుకులు కొట్టానికి బయట వచ్చేటట్లు చూడండి. ట్రాక్టరు నడిచే చోట రెండడుగుల లోతు ఉండాలి.

ఇంకొక మాట. నల్లాకు తగిలించిన రబ్బరు పైపు కొనను గోలెములో ముంచి వదిలేస్తారు. నల్లా ఆగినప్పుడు గోలెములోని కుడితి నీరు ఆ పైపులోనుంచి ఇంటి గొట్టములోకి పోతుంది. రంధ్రము లేకుండానే మురుగు దూరే దారి ఇది. పైపు కొన ఎప్పుడూ గోలెము అంచుకు బెత్తెడు పైనే ఉండాలి.

బాగుచేసిన తరువాత

గొట్టము మూసినంత మాత్రాన లోపలి మురికి పోదు. 1000 లీటర్ల ట్యాంకుకు 25 శాతము క్లోరిను ఉన్న బ్లీచింగు పొడి 200 గ్రాములు బకెట్టు నీటిలో కలిపి, తేరిన నీటిని మాత్రము ట్యాంకులో పోయండి. వాసన వచ్చేదాకా ఒక్కొక్క నల్లా తెరిచి కట్టివేయండి. రాత్రంతా ఉంచి, తెల్లవారి మొత్తము వదిలేయండి. ఆ నీరు మనుషులు తాగరాదు, పశువులకు పెట్టరాదు, పాల గిన్నెలకు వాడరాదు. మంచినీటితో రెండుసార్లు కడిగిన తరువాతనే వాడుక. ఆ తరువాత కూడా నల్లా వచ్చినప్పుడు మొదటి రెండు బిందెలు చెట్లకు పోయండి. క్యాన్లు, పాల గిన్నెలు సోడాపొడి వేసిన వేడినీటితో కడిగి, మంచినీటితో తొలిచి, ఎండలో బోర్లించండి.

గోదావరి ఒడ్డు ఊళ్లవారికి ప్రత్యేకముగా మనవి. భద్రాచలము వద్ద 1986 ఆగస్టులో నది 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు వచ్చినది. ముంపు తీసిన ఇంటిలో గొట్టాల కింద మట్టి కొట్టుకుపోయి అతుకులు వదులవుతవి. ఇల్లు కడుక్కొనే రోజునే పై పరీక్షలు కూడా చేసుకోండి.

చివరి మాట

ఆ ఊరి సంగతి ముగిస్తాము. లీకు దొరికిన రోజున మేము సంఘము పుస్తకము తెప్పించి, మా పాత రాతను కొట్టివేయలేదు. రాసినది చెరపరాదని మేమే మీకు చెబుతాము కదా. దాని కింద, పై రాత తప్పు, ఆ సభ్యుని పాలలో దోషము లేదు, దోషము గొట్టములో ఉన్నది అని రాసి సంతకము పెట్టినాము. అది సర్వసభ్య సమావేశములో చదివించినాము. పోయనివ్వని పాలకు డబ్బు ఏ పద్దు కింద ఇవ్వాలని కార్యదర్శి అడిగినాడు. నిబంధనలలో అట్లాంటి పద్దు లేదు. కమిటీ సభ్యులు, మేము తలా ఇంత వేసుకొని సాయంత్రాల లెక్క 44 లీటర్లకు ధర కట్టి ఇచ్చినాము. ఆయన తీసుకొన్నాడు. ఆమె మాత్రము ఆ డబ్బువైపు చూడలేదు.

ఆ తరువాత మేము ఎప్పుడు పోయినా ఆమెయే పాలు తెస్తున్నది. పోసే ముందు క్యాను మూత తీసి లోపలికి ఒకసారి చూస్తుంది, వాసన చూస్తుంది. అప్పుడు పోస్తుంది. కార్యదర్శికి మొదట్లో అది కష్టముగా తోచినది. ఇప్పుడు ఆమె వచ్చేలోగా క్యాన్లు రెండుసార్లు కడిగిస్తున్నాడు.

పాలు విరిగినప్పుడు, వెన్న శాతము తగ్గినప్పుడు, లెక్కలో తేడా వచ్చినప్పుడు మనిషిని అనుమానించుట తేలిక. దూరపువారిని, పేదవారిని అనుమానించుట మరీ తేలిక. గొట్టము తవ్వుట కష్టము. అయినా ముందు గొట్టమే తవ్వండి. మా సంతకము చూసి కూడా ఆగిపోవద్దు. ఈ రాత్రి ఇంటికి పోయి ట్యాంకులో ఒక్క సుద్దగీత పెట్టి, తెల్లవారి చూసి, సంఘానికి పాలు పోయడానికి వచ్చినప్పుడు ఎంత దిగినదో కార్యదర్శికి చెప్పండి. కార్యదర్శులు ఆ లెక్క ఒక కాగితము మీద రాసి ఉంచండి. వచ్చే తనిఖీలో రోజువారీ పద్దు కంటె ముందు అదే అడుగుతాము.